దున్న కుడిపక్క సీటు

ఏదైనా ఒక సంగతి తెలుసుకోవాలంటే చెప్పులు తొడుక్కుని బయలుదేరాల్సిన కాలం అది. తెలిసినవాళ్ళ ఇంటికి పోవాలి, లేదా లైబ్రరీకి పోవాలి. నాకు అంత తెలిసినవాళ్ళెవరూ లేరు కాబట్టి లైబ్రరీకే పోయేవాణ్ణి. పదో తరగతి తప్పాక హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సైకిల్ టాక్సీ దుకాణంలో చేరాను (గంటకింతని సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణాలు, టాక్సీ అంటే నాలుగు చక్రాలే అనుకునే ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను). పగలంతా పంక్చర్లు వేసి, సాయంత్రం చేతుల గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని, జిల్లా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. వారపత్రికలతో మొదలుపెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాల దాకా ఎదిగాను. లోకంలో తెలుసుకోదగినదంతా అచ్చయ్యే ఉంటుందనీ, అచ్చు కానిది తెలియకపోయినా నష్టం లేదనీ ఒక గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే మా కాక కారు గురించి నాకు తెలిసినంత వరంగల్ జిల్లాలో ఇంకెవరికీ తెలియకుండా పోయింది. ఆ నమ్మకంతోనే ఇంకొకటి కూడా పోయింది.

కాక అంటే మా బాపు తమ్ముడు. ఒక రైసుమిల్లు సేటు దగ్గర డ్రైవరు. ఆ సేటు దర్జాకు పోయి, హైదరాబాదులో దేశం వదిలి వెళ్తున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర అమెరికా కారు కొన్నాడు. రెండే తలుపులు, బారెడు ముక్కు, వెనక పొట్టి నడుము. అక్కడి కుర్రవాళ్ళు రోడ్ల మీద పందేలు వేసుకోవడానికి మోజుపడి కొనే జాతి కారనీ, వాటిని కండల కార్లు అంటారనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. సేటు దానికి కుంకుమరంగు వేయించి రెండేళ్ళు తిరిగాడు. పెట్రోలు ధర కొండెక్కాక ఆ కండలను మేపడం మిల్లు అమ్మినా తన వల్ల కాదని తేలిపోయి, "నువ్వే తీస్కపోరా, నా కండ్ల ముంగట ఉంచకు" అని కాకకు ఇచ్చేశాడు. కాక దాని ఇంజను తీయించి ఒక పాత వ్యాను డీజిలు ఇంజను పెట్టించాడు. ముందు సీట్లను అప్పటికే ఎలుకలు తినేశాయి. వాటి చోట తుక్కుకు పోయిన ఎర్రబస్సు లోంచి ఇద్దరు కూర్చునే సీటొకటి పట్టుకొచ్చి బిగించాడు. నల్లపొగ వదులుతూ, తల ఒకపక్కకు వంచినట్టు నడుస్తూ, పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వెనక రొప్పుతూ వచ్చే ఆ కారుకు మా వాడకట్టు 'దున్న' అని పేరు పెట్టింది. కాక ఆ పేరుకు నొచ్చుకోలేదు. "దున్నంటే ఏందిరా, యముడు ఎక్కేది. ఉత్తగనే ఎక్కుతడా?" అనేవాడు.

దున్నకు స్టీరింగు ఎడమవైపు. మన రోడ్ల మీద ముందున్న లారీని దాటాలంటే ఎడమన కూర్చున్నవాడికి లారీ వెనక రేకు తప్ప ఏమీ కనబడదు. కుడిపక్క కూర్చున్నవాళ్ళు మెడ చాపి చూసి చెప్పాలి. ఆ పని మా చిన్నమ్మది, అంటే కాక భార్యది. కాక "పోవచ్చా?" అని అడిగేవాడు. చిన్నమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి, "ఆగాగు, లారీ వస్తాంది... దాని ఎనక బస్సు... ఇగ పో! పో పో పో!" అని అరిచేది. వెనక సీట్లో పెళ్ళికొడుకు బాసికం పట్టుకుని వణికేవాడు. ఈ కబుర్లన్నీ నేను విన్నవే. దున్న నడుస్తుండగా దానిలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ఒకరోజు కాక దుకాణానికి వచ్చి, "అరే పంతులూ, ఇంగిలీషు బుక్కులు సదువుతాన్నవు గదా, దున్న తలుపు సందుల ఒక రేకున్నది. దాని మీద ఏం రాసిందో జర సూసి చెప్పు," అన్నాడు. పోయి చూశాను. రెండు మేకులతో బిగించిన చిన్న రేకు, దాని మీద అంకెలూ అక్షరాలూ కలగలిపి ఉన్నాయి. నిఘంటువులో ఉండే మాట ఒక్కటీ లేదు. వాడకట్టంతా చూస్తుండగా "తెలియదు" అనడానికి నోరు రాక, "ఇది కంపెనీ రహస్యం కాక, పరిశోధించాలె," అన్నాను. ఆ మాట అన్నాక పరిశోధించక తప్పింది కాదు.

గ్రంథాలయం వెనక గదిలో, తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ ఒక మిషన్ దవాఖాన డాక్టరు ఇచ్చిన అమెరికా పత్రికల కట్టలు చెదలకు వదిలేసి ఉన్నాయి. అటెండరు తాతను బతిమాలి, బీడీకట్టతో ప్రసన్నం చేసుకుని ఆ గదిలో దూరాను. దుమ్ముకు తుమ్ముతూ ఎన్నో సాయంత్రాలు వెతికాక దొరికింది: అచ్చం మా దున్నే, కానీ నిగనిగలాడుతూ, పక్కన పొట్టి జుట్టు అమ్మాయి నవ్వుతూ. అలాంటి రేకును ఎలా చదవాలో ఒక పేజీ నిండా రాశారు. ఆ దేశంలో కారు కొనేవాడు మనం బట్టల కొట్లో చీరలు పరిపించి ఏరినట్టు అన్నీ ఏరుకుంటాడట. రంగు ఇది కావాలి, సీట్లు ఇవి కావాలి, రేడియో కావాలి, గడియారం వద్దు అని. ఆ ఏరుకున్నవాటితోనే ఆ ఒక్క కారును ఫ్యాక్టరీలో తయారు చేస్తారు. అంటే మా దున్నను ఎవడో ముఖం తెలియని మనిషి ఎక్కడో కూర్చుని, ఒక్కొక్కటే ఆలోచించి కోరుకున్నాడు! నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పేజీ మొత్తం కంఠతా పట్టాను.

ఆదివారం కాక ఇంటిముందు సభ జరిగింది. నేను రేకు దగ్గర నిలబడి పురాణం విప్పాను. "దీని పుట్టు రంగు ముదురు ఆకుపచ్చ." ఎవరూ నమ్మలేదు. బ్లేడుతో డిక్కీ లోపల గీకితే కుంకుమ కింద నుంచి పచ్చ బయటపడింది. జనం "ఓర్నీ!" అన్నారు. జీవితంలో అంత గౌరవం నాకు మళ్ళీ దొరకలేదు. "ముందర రెండు విడివిడి సీట్లు, నల్లవి, నిలువు కుట్లు. ఎనక కూసున్నోళ్ళకు వేరే స్పీకరు. ఈ బొక్కల గడియారముండె. ఇది హీటరు మీట."

"హీటరా?" అంది చిన్నమ్మ. "వరంగల్ల హీటరెందుకు బిడ్డా? మే నెలల దీని తలుపు ముట్టుకో, చెయ్యి పొంగుతది."

"ఇంజను మూడు వందల గుర్రాల బలం," అన్నాను, ఆ మాట చివరికి దాచుకుని.

కాక కళ్ళు పెద్దవయ్యాయి. "ఇప్పుడెన్నున్నయిరా?"

"ఓ నలభై ఉంటాయేమో."

"మిగిలిన గుర్రాలేడికి పోయినయ్?"

"గడ్డి ఏసుడు చాతగాక మీ సేటే ఇడిసిపెట్టిండు," అంది చిన్నమ్మ. అందరూ నవ్వారు. కాక నవ్వలేదు. చేత్తో బానెట్‌ను మెల్లగా రాశాడు. "జాతకం చెప్పినట్టు చెప్పినవ్‌రా," అన్నాడు. తర్వాత కుడి తలుపు తెరిచి, "రా, కూసో. కాజీపేట దాకా పోయొద్దాం. ఇయ్యాల నువ్వే తొవ్వ సూడాలె," అన్నాడు.

ఇక్కడే నా చదువు నోరు తెరిచింది. "ఇది బస్సు సీటు కాక. దీంట్ల కూసుంటే బస్సెక్కినట్టయితది, కారెక్కినట్టు కాదు. ఒరిజినల్ సీట్లు దొరకనీ, అప్పుడెక్కుత," అన్నాను. "బస్సు సీటైతేందిరా, నిన్ను టికెట్ అడుగుతన్ననా?" అన్నాడు కాక. అయినా ఎక్కలేదు. అది నా పట్టుదల అని నేనే మెచ్చుకున్నాను (ఇరవై ఏళ్ళ వయసులో మనల్ని మెచ్చుకోవడానికి వేరేవాళ్ళు అక్కర్లేదు). ఆ తర్వాత కాక ఎన్నిసార్లు పిలిచాడో! చౌరస్తాలో దుకాణం ముందు ఆపి హారన్ కొట్టి, కుడిపక్క సీటు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచేవాడు. రెక్సిన్ మీద ఆ టపటప శబ్దం నాకిప్పటికీ చెవిలో ఉంది. నేను పంక్చరు మీద నుంచి తలెత్తి, "సీట్లు?" అనేవాణ్ణి. "నీ సీట్లల్ల మన్నువడ!" అని నవ్వుకుంటూ పోయేవాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒకసారి కాక ఎవరికీ చెప్పకుండా రైలెక్కి హైదరాబాదు పోయాడు. పాత సామాను గల్లీలన్నీ తిరిగి, ఏదో తుక్కు లారీ మీద నల్ల సీట్లు రెండు తెచ్చాడు. బస్సు సీటు ఊడదీసి ఇంటి ముందు వసారాలో పడేసి, వీటిని బిగించి, మీద చిన్నమ్మ పాత చీర కప్పి, నాకు కబురు పంపాడు. ఎల్లుండి ఏటూరునాగారంలో పెళ్ళి, బండి కుదిరింది. "పెండ్లి కాంగనే ఖాళీ బండి. ఆ అడివి తొవ్వల ఎవ్వలుండరు. దున్నను జర ఇడిసి సూపెడ్త. మీ చిన్నమ్మ ఎనక కూసుంటది, ఫికర్ లేదు. నువ్వే ముంగట," అన్నాడు. చీర తీశాడు.

నేను వంగి చూశాను. వేలితో కుట్లు తడిమి చూశాను. ఆ పేజీ కళ్ళ ముందు కనబడింది.

"కాక, ఇవి దీనివి కావు. మనయి నిలువు కుట్లు. ఇవి అడ్డం కుట్లు."

కాక చేతిలో చీరను మడత పెట్టాడు. అది సరిగా మడతపడకపోతే విప్పి మళ్ళీ మడిచాడు. తర్వాత నెమ్మదిగా, "కుట్లు నిలువో అడ్డమో వీపుకెట్ల తెలుస్తదిరా? ఇవి సూడనీకె కాదు, కూసోనీకె," అన్నాడు.

"తెలిసి తెలిసి ఎట్ల కూసోను కాక?" అన్నాను. ఎంత గొప్ప మాట అన్నాననుకున్నానో ఆ రోజు! మూడోనాడు తెల్లారి వాళ్ళు ఏటూరునాగారం పోతుంటే, నేను సెలవు పెట్టుకుని మరీ లైబ్రరీకి పోయాను, నిలువు కుట్ల సీట్లు ఏ ఏడాది దాకా వేశారో చూడటానికి.

జరిగింది చిన్నమ్మ చెప్పగా విన్నాను. పెళ్ళి అయ్యాక, నేను లేను కాబట్టి చిన్నమ్మే ఎప్పటిలా ముందు కూర్చుంది. సాయంత్రపు ఎండ చెట్ల సందుల్లోంచి రోడ్డు మీద పడుతోందట. కాక మాట నిలబెట్టుకున్నాడు, దున్నను వదిలాడు. ఆ డీజిలు ఇంజనుతోనే, నలభై గుర్రాలతోనే, అది ఊగిపోతూ, హోరుమంటూ ఉరికిందట. కిటికీలోంచి వచ్చే గాలికి మాట వినబడలేదట. కాక పాట పాడాడట (కాక పాడతాడని నాకు అప్పటిదాకా తెలియదు). ఒక మలుపు తిరగగానే రోడ్డు నడిమధ్య అడవిదున్న నిలబడి ఉంది. నల్లటి ఒళ్ళు, తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు, బానెట్ కన్నా ఎత్తు. కాక బ్రేకు తొక్కాడు. అది వీళ్ళ వైపు చూసింది. వీళ్ళు దాని వైపు చూశారు. ఇంజను ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. అడవంతా నిశ్శబ్దం. కాసేపటికి ఆ దున్న తల తిప్పుకుని, తొందరేమీ లేకుండా చెట్లలోకి నడిచిపోయింది.

"అసలు దున్నను సూసి మనది సిగ్గువడ్డది బిడ్డా," అని చిన్నమ్మ నవ్వేది. "మీ కాక ఒక్కటే మాటన్నడు. 'పోరడుంటే దీని కొమ్ములు ఒరిజినలో కాదో చెప్పేటోడు' అని."

ఆ ఇంజను మళ్ళీ పలకలేదు. లారీకి తాడు కట్టి దున్నను ఇంటికి ఈడ్చుకొచ్చారు. మెకానిక్కు బానెట్ ఎత్తి, చూసి, మూసేశాడు. ఇంకో ఇంజను పెట్టించే ఓపిక కాకకు లేకపోయింది. ఎండాకాలం దాకా వేపచెట్టు కింద ఉండి, చివరికి తుక్కు వ్యాపారి చేతికి పోయింది. ముక్కలు చేసే రోజు నేను పోయి రేకు ఒక్కటే ఊడదీసి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రంగు చెబుతుంది, సీట్లు చెబుతుంది, పుట్టిన నెల చెబుతుంది. ఏటూరునాగారం తొవ్వలో అది ఎలా ఉరికిందో మాత్రం చెప్పదు.

చుట్టాల పెళ్ళిళ్ళలో ఇప్పటికీ దున్న మాట వస్తుంది. ఒకడు దాని హారన్ లాగా అరిచి చూపిస్తాడు. ఒకామె తన పెళ్ళినాడు వెనక సీట్లోంచి దిగలేక చీర చింపుకున్న కథ చెబుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడతారు. నేను మధ్యలో, "దాని అసలు రంగు ముదురు ఆకుపచ్చ," అంటాను. "అవునా?" అంటారు మర్యాదగా. మళ్ళీ వాళ్ళ కథల్లో వాళ్ళు పడిపోతారు.

కాక పోయి చాలా ఏళ్ళయింది. బస్సు సీటు మాత్రం చిన్నమ్మ వసారాలోనే ఉంది. స్పాంజి అణిగిపోయి, రెక్సిన్ పగిలి, ఒక చోట గోనెసంచి ముక్క వేసి కుట్టి ఉంది. మొన్న పోయినప్పుడు చిన్నమ్మ ఎడమవైపుకు జరిగి, నాకు కుడిపక్కన చోటిచ్చింది. "కూసుంటవా, ఒరిజినల్ కాదని నిలబడ్తవా?" అంది. అరవై దాటిన మోకాళ్ళు కదా, వాదించకుండా కూర్చున్నాను. నిజం చెప్పాలంటే మెత్తగా ఉంది. కుట్లు ఎటున్నాయో నేను చూడలేదు.

ఇద్దరం కాసేపు రోడ్డును చూస్తూ కూర్చున్నాం. ఏమనుకుందో, చిన్నమ్మ ముందుకే చూస్తూ, కాక గొంతుతో అడిగింది:

"పోవచ్చా?"

నేను మెడ చాపి గల్లీ చివరిదాకా చూశాను. ఒక ఆటో, ఒక కుక్క, నీళ్ళ బిందెతో ఒక పిల్ల.

"ఆగు చిన్నమ్మా," అన్నాను. "లారీ వస్తాంది."