షిఫ్టు రిజిస్టరులో పెద్ద మాటలు

బిక్షపతికి ఇంగ్లీషు పిచ్చి నలభై రెండో ఏట పట్టింది. నాచారంలో డబ్బాల మూతలు చేసే ఫ్యాక్టరీలో అతను ఆపరేటరు. సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అవుతుందని, దానికి ఇంగ్లీషు గట్టిగా రావాలని తెలిసిన రోజే హబ్సిగూడ ఫుట్‌పాత్ మీద కోచింగు పిల్లలు అమ్మేసిన పాత వొకాబులరీ పుస్తకం కొన్నాడు. రోజుకు మూడు మాటలు. ఉప్పల్ నుంచి బస్సులో వస్తూ వాటినే వల్లె వేసేవాడు. కూర ఎలా ఉందని భార్య శ్యామలమ్మ అడిగితే, బాగుందనడానికి "డెలెక్టబుల్" అనేవాడు.

"తిట్టినవా, మెచ్చినవా? ముందు గది జెప్పు" అనేది ఆవిడ.

నేర్చిన మాట ఊరికే ఉండనివ్వదు కదా! బిక్షపతికి షిఫ్టు రిజిస్టరు దొరికింది. దిగిపోయేవాడు మిషను సంగతి అందులో రాస్తే, ఎక్కేవాడు చదివి సంతకం పెట్టి పని మొదలుపెట్టాలి. ఒక మధ్యాహ్నం మూడో నంబరు ప్రెస్సు మామూలుకంటే ఎక్కువగా అదురుతోంది. దాన్ని నడపొద్దని చెప్పడానికి "వైబ్రేషన్ ఎగ్జాసర్బేటెడ్. డెసిస్ట్ ఫ్రమ్ ఆపరేషన్" అని రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

తర్వాతి షిఫ్టు రమేష్‌ది. చదివాడు, తల ఊపాడు, సంతకం పెట్టాడు, ప్రెస్సు ఆన్ చేశాడు. గంటలో బేరింగు పోయింది.

మర్నాడు మేనేజరు బసవరాజు ఇద్దరినీ పిలిచాడు. హెచ్చరిక రాసి ఉంది, కింద రమేష్ సంతకం ఉంది. బిక్షపతి నోరు మూసుకుంటే చాలు, రమేష్ ఉద్యోగం పోతుంది, ముందే హెచ్చరించినవాడని పేరొచ్చి సూపర్‌వైజరు కుర్చీ తనకు వస్తుంది.

"సదివి గూడ ఎందుకు నడిపినవయ్యా?" అన్నాడు బసవరాజు.

రమేష్ నేలకేసి చూశాడు. "సమజ్ కాలే సార్. అన్నను అడుగుదామంటే సిగ్గయింది."

బిక్షపతి రిజిస్టరులో ఆ సంతకం వంక చూశాడు. తనూ ఇరవై ఏళ్లు అలాగే తల ఊపి సంతకాలు పెట్టినవాడే.

"తప్పు నాది సార్. మిషన్ ఆగాలని కాదు నేను రాసింది. నాకు మస్తు ఇంగ్లీష్ వస్తదని నలుగురికి తెల్వాలని రాసిన."

రమేష్ ఉద్యోగం నిలిచింది. కుర్చీ మాత్రం వేరే ఎవరికో పోయింది. బిక్షపతి రెండు రోజులు పుస్తకం ముట్టలేదు, మూడో రోజు మళ్లీ తెరిచాడు. ఇప్పుడు రిజిస్టరులో "ప్రెస్ త్రీ బ్యాడ్. డోంట్ స్టార్ట్" అని రాస్తాడు. పెద్ద మాటలు టీ బండి దగ్గరకు దాచుకుంటాడు. అక్కడ వినడానికి ఒకడు తోడయ్యాడు.

"అన్నా, గా డెసిస్ట్ అంటే ఏంది?" అన్నాడు రమేష్ మొదటి రోజు.

"ఆపు అని."

"గంతేనా!"

రమేష్ పగలబడి నవ్వాడు. జర ఆలస్యంగా, బిక్షపతి కూడా.