అచ్చిరాని రిసార్టులు

మా బాపు తన జీవితంలో మమ్మల్ని విహారయాత్రకు తీసుకుపోయింది ఒక్కటంటే ఒక్కసారి. ఆ ఒక్కసారీ మూడు రోజుల్లో మూడు రిసార్టులు మార్చాడు. ఈ సంగతి చెబితే మా ఆఫీసులో వాళ్లు "మీ నాన్నగారు భలే సరదా మనిషండీ" అంటారు. నేను అవునంటాను. లోపలి కథ విప్పి చెప్పేంత ఓపిక ఎప్పుడూ ఉండదు. ఇవాళ ఉంది కాబట్టి రాస్తున్నాను.

మేము ఉండేది గోదావరిఖనిలో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో. బాపు గనిలో ఫిట్టర్. అక్కడ ఇంటి గోడా పక్కింటి గోడా ఒకటే, ఒకరింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. నా డిగ్రీ అయిన ఏడాది ఒక సంబంధం వాళ్లు ఇంటికొచ్చి నన్ను చూసి, పకోడీలు తిని, ఇంటికి పోయి ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ రాలేదు. రాలేదన్న సంగతి మాత్రం మర్నాటికల్లా మా లైనులో అందరికీ చేరిపోయింది. నల్లా దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడమనిషీ "ఏమాయెనే మీ బిడ్డ ముచ్చట?" అని అవ్వను, అంటే మా అమ్మను, అడిగేది. రెండు నెలలు అవ్వ తెల్లవారక ముందే పోయి నీళ్లు పట్టుకుంది.

ఆ తర్వాతే నేను గ్రూప్స్ పరీక్షకు చదువుతానని పట్టుబట్టాను. బాపు కాదనలేదు. వేములవాడ రాజన్న గుడిలో మాకు కోడె మొక్కు ఉండింది. మొక్కుకున్నవాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు కదా, అలా తిప్పి, తాడు ఇంకా చేతిలో ఉండగానే నావైపు తిరిగాడు.

"రాజన్న ముంగట చెప్తున్న బిడ్డా. నీ పరీక్ష అయ్యేదాక ఇంట్ల నీ పెండ్లి ముచ్చట ఎత్తను. ఎవ్వలడిగినా ఎత్తను. నువ్వు ఫికర్ పెట్టుకోకుండ సదువుకో."

ముప్పై ఏళ్ల సర్వీసులో షిఫ్టుకు ఒక్కనాడు లేటు పోలేదని, ఇచ్చిన మాట ఒక్కటీ తప్పలేదని చెప్పుకునే మనిషి మా బాపు. నేను నమ్మాను. నమ్మడమంటే మామూలుగా కాదు. పక్కింటి పిల్ల పెళ్లి కుదిరినా, మేనత్త ఫోన్ చేసి గొణిగినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. బాపు ఉన్నాడు కదా అనుకుని పుస్తకం తెరిచేదాన్ని.

పరీక్ష ఇంకా నాలుగు నెలలుందనగా ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, "ఎప్పుడు సూడు గా బుక్కులే. మొకం సూడు ఎట్ల పీక్కపోయిందో. మూడు దినాలు ఎటన్న పోయొద్దాం, జర గాలి మారుతది" అన్నాడు. ఎటన్న అంటే ధర్మపురికో కొండగట్టుకో అనుకున్నాను. రిసార్టుకన్నాడు. ఆ మాట మా ఇంట్లో అంతకుముందు ఎవరి నోటా వినలేదు. తొమ్మిదో తరగతి చదివే మా చెల్లె మంచం మీద ఎగిరి గంతేసింది. దానికి ఈత కొలను ఉంటే చాలు. అవ్వ నా సంచిలో పట్టుచీర పెట్టింది. పట్టుచీర ఎందుకవ్వా అంటే, "ఫొటోలకు" అంది. నా కోసం బాపు ఇంత ఖర్చు పెట్టుకుంటున్నాడే అని ఆ రాత్రి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ కన్నీళ్లు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మొదటి రిసార్టు కరీంనగర్ అవతల, మానేరు డ్యాం దాటాక ఉంది. చెల్లె సంచి దించడమే ఆలస్యం, నీళ్లలో దూకింది. నేను గడ్డి మీద కుర్చీ వేసుకుని రాజ్యాంగం పుస్తకం తీశాను. మధ్యాహ్నం అవ్వ వచ్చి చీర కట్టుకోమంది, జడలో పూలు పెట్టింది. భోజనాల హాలుకు పోతే అక్కడ బాపు పాత దోస్తు చుట్టాలట, మెట్‌పల్లి వాళ్లు, అనుకోకుండా కలిశారు. పెద్దామె ఒకామె, ఆమె మొగుడు, ఫోన్‌లోంచి తల ఎత్తని కొడుకు. పెద్దామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏమేం వండుతావంది. "గా నీళ్ల జగ్గు జర అందుకొస్తవా బిడ్డా" అని హాలు ఆ చివరికి పంపింది. జగ్గు ఆమె ముందరే ఒకటుంది. పెద్దవాళ్లు కదా, చల్లనివి కావాలేమో అనుకుని పోయి తెచ్చాను.

పోయేటప్పుడు ఆమె తన సంచిలోంచి భరిణె తీసి నాకు బొట్టు పెట్టి, రెండు అరటిపండ్లతో రవికె గుడ్డ చేతిలో పెట్టింది. "ఆడివిల్లను ఒట్టి చేతులతోటి ఎట్ల పంపుత?" అంది. ఎంత మర్యాద తెలిసినవాళ్లు అనుకున్నాను. నా తెలివికి గ్రూప్స్ పరీక్ష ఒక లెక్కా!

సాయంత్రం బాపు గేటు దగ్గర ఫోన్ మాట్లాడి వచ్చాడు. అవ్వా ఆయనా ఏదో గుసగుసలాడుకున్నారు. పొద్దున్నే అవ్వ సంచులు సర్దేసింది. "బాత్రూంల నీళ్లు ఒకటే వాసన. గీడ ఉండుడు వద్దు" అంది. మూడు రోజులూ అక్కడే అనుకున్నాం కదా అంటే, బాపు కారు స్టార్ట్ చేస్తూ, "ఇంకో మంచిది సూసిన, అడవిల ఉంటది" అన్నాడు. సెకండ్ హ్యాండులో కొన్న కారు అది, ఎత్తు వస్తే మూలుగుతుంది. లక్సెట్టిపేట దాటి జన్నారం వైపు టేకు అడవిలో పోతుంటే నాకు నిజంగానే హాయిగా అనిపించింది. నీళ్లు బాగాలేకపోవడం మన మంచికే అయిందని నేనే అన్నాను కూడా. బాపు అద్దంలో నన్ను చూసి నవ్వాడు.

రెండో రిసార్టులో కర్రతో కట్టిన గదులు, కిటికీల నిండా కోతులు. ఇక్కడా అవ్వ చీర కట్టుకోమంది. ఇక్కడా బాపుకు తెలిసినవాళ్లు అనుకోకుండా కలిశారు. వీళ్లది కాగజ్‌నగర్. ఇక్కడా ఒక కొడుకు. ఇక్కడి పెద్దామె నా జడ చేతిలోకి తీసుకుని, "అంత సొంతమేనా?" అంది. పోతూ పోతూ బొట్టు పెట్టి, అరటిపండ్లతో రవికె గుడ్డ చేతిలో పెట్టింది.

ఆ గుడ్డ చేతిలో పడ్డాక గానీ నాకు బుర్ర వెలగలేదు. ఈత కొట్టడానికి వచ్చే మనిషి సంచిలో తువ్వాలు ఉంటుంది, సబ్బు ఉంటుంది. కుంకుమ భరిణె, రవికె గుడ్డ ఎందుకుంటాయి? చెల్లె ఉయ్యాల మీద ఉంటే దాని దగ్గరికి పోయాను. నా మనసులో మాట ఏదైనా ముందు దానికే చెప్పేదాన్ని.

"చెల్లే, నాకేందో తేడ కొడ్తుందే. వీళ్లు నన్ను సూసుకునేతందుకు వస్తుండ్రా?"

"నీకన్ని అనుమానాలే అక్కా. బుక్కులు సదివి సదివి గట్లయినవ్" అని ఉయ్యాల దిగి కొలను వైపు పరుగెత్తింది.

పోయి అవ్వను నిలదీశాను. అవ్వకు అబద్ధం రెండో ప్రశ్న దాకా నిలవదు. మంచం మీద కూలబడి అంతా చెప్పేసింది. ఇంట్లో చూపిస్తే లైనంతా తెలుస్తుంది. పైగా ఆ ఇంట్లో మొదటి సంబంధం అచ్చిరాలేదు. "ఒకలు సూసి వద్దన్న జాగల ఇంకొకలకు సూపెడ్తే కుదురది బిడ్డా. నిన్న మెట్‌పల్లోళ్లు వద్దన్నరు. గందుకే గా జాగ ఇడిషినం." అంటే కరీంనగర్‌లో నీళ్లు వాసన రాలేదు. నేను చెల్లలేదు, అంతే. నన్ను వద్దన్న ప్రతి చోటినీ ఖాళీ చేసుకుంటూ పోతున్నాం. ఒక పూట ముందు నేను మురిసిపోయిన ఆ అడవి దారి, నన్ను ఇంకొకరి ముందు నిలబెట్టడానికి పోయిన దారి.

బాపు బయట కారు అద్దాలు తుడుస్తున్నాడు. దగ్గరికి పోయి, "రాజన్న ముంగట ఏం చెప్పినవ్ బాపూ?" అన్నాను.

ఆయన తడబడలేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ గుచ్చింది అదే. "ఏం చెప్పిన? ఇంట్ల ఎత్తనన్న. ఇంట్ల ఎత్తిన్నా? నీతోటి ఒక్క ముచ్చటన్న మాట్లాడిన్నా? నేను మాట తప్పలే" అన్నాడు. తమాషాకు అనలేదు. ఆ మాట ఆయన ఎన్నాళ్లనుంచో లోపల సరిచూసుకుని పెట్టుకున్నాడు. లైను జనం కళ్లు, అవ్వ నమ్మకం, రాజన్నకిచ్చిన మాట, మూడింటినీ రిసార్టు అన్న ఒక్క ఉపాయంతో దాటేశాడు. దాటలేనిది నేనొక్కదాన్నే అనుకుని నాకు చెప్పడం మానేశాడు.

"నాకు ముందుగాల చెప్తే ఏమాయె?"

"చెప్తే వస్తుంటివా?"

"రాకపోదును."

"గందుకే చెప్పలే."

నేను బస్సెక్కి ఇంటికి పోతానన్నాను. అప్పుడు మెత్తబడ్డాడు. ఇంకొక్కటే ఉందట, ఆదిలాబాద్ వాళ్లు. వాళ్లకు మాటిచ్చాడట, పోకపోతే ఇజ్జత్ పోతుందట. నాకిచ్చిన మాటకు ఇజ్జత్ లేదా అని అడగబోయి మింగేశాను. చివరికి ఒక షరతు పెట్టాను. వస్తాను, కానీ నేను పరీక్ష రాసేదాకా ఏదీ ఖాయం కాదని వాళ్లకు బాపే చెప్పాలి. నేను కాదు, అవ్వ కాదు, బాపే తన నోటితో చెప్పాలి. "సరె, చెప్త" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. ఇంత జరిగాక కూడా నేను ఆ చెయ్యిని నమ్మాను. కాగజ్‌నగర్ వాళ్లు ఏమన్నారో నేను అడగలేదు. పొద్దున్నే సంచులు సర్దారు కాబట్టి తెలిసింది.

మూడో రిసార్టు ఆదిలాబాద్ దారిలో ఒక పత్తి చేను పక్కన ఉంది. వాళ్లు మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఆ ఇంటి పెద్దామె తెలుగులో మధ్యమధ్య మరాఠీ దొర్లుతోంది. మనిషి గట్టిది, చూపు సూటిగా ఉంది. వెయిటర్ చాయ్ ట్రే పట్టుకొస్తే అవ్వ ఎదురెళ్లి ఆ ట్రే లాక్కుని నా చేతిలో పెట్టింది, రిసార్టయినా చాయ్ పిల్లే తేవాలి కాబట్టి. వెయిటర్ ఖాళీ చేతులతో బిత్తరపోయి నిలబడ్డాడు. నేను ట్రేతో గడప దగ్గరికి వచ్చేసరికి పెద్దామె బాపును అడుగుతోంది.

"పిల్ల ఏందో పెద్ద పరీక్షకు సదువుతుందట గద?"

ఇప్పుడు చెబుతాడు అనుకుని ఆగాను.

"ఏ, సదువా! ఇంట్ల ఊకె ఎందుకుండుడని టైంపాస్‌కు సదువుతది. మీరు ఊ అనుండ్రి, రేపే బంద్ చేపిస్త" అన్నాడు బాపు. పైగా నవ్వాడు.

రెండేళ్ల చదువు. తెల్లవారుజామున లేచి, కరెంటు పోతే ఫోన్ వెలుగులో చదివిన చదువు. నాకు చాయ్ పెట్టి ఇచ్చి పక్కన కూర్చున్న మనిషే దానికి టైంపాస్ అని పేరు పెట్టాడు. కోపం కంటే ముందు నాకు సిగ్గేసింది. ట్రే బల్ల మీద పెట్టాను.

"బంద్ చెయ్యను. పరీక్ష అయ్యేదాక నా పెండ్లి ముచ్చట ఎత్తనని మా బాపు వేములవాడల కోడె తాడు పట్టుకోని చెప్పిండు. ఆయన మాట తప్పడు. మీరే అడుగుండ్రి" అన్నాను.

ఎవరూ కప్పు ముట్టుకోలేదు. పెద్దామె బాపు వైపు తిరిగింది. "దేవుని ముంగట అన్న మాటనా? గా మాట దాటి పిల్లను సూపెడ్తున్నరా మాకు? మాకొద్దయ్యా గా పాపం" అని లేచింది. వాళ్లు పోయారు. బాపు ఆ రోజంతా, ఆ తర్వాత మూడు నెలలూ నాతో మాట్లాడలేదు. నేనే ఆయన ఇజ్జత్ తీశానట.

పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బాపు పెళ్లిళ్లలో, పేరంటాల్లో, గని గేటు దగ్గర, ఎక్కడ నలుగురు కనబడినా ఒకటే చెబుతాడు. "నా బిడ్డకు మాటిచ్చిన. నౌకరి కొట్టేదాక పెండ్లి ముచ్చట ఎత్తలే." చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే గద్గదమవుతుంది. నేను పక్కన నిలబడి వింటాను.

పోయిన నెల ఫోన్ చేశాడు. చెల్లె ఇప్పుడు కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి పీజీ చదువుతోంది. "ఒక రెండు దినాలు అందరం ఎటన్న పోదాం బిడ్డా. రిసార్టు నేను సూసిన. చెల్లె నేను పిలిస్తే రాదు, నువ్వు పిలిస్తే వస్తది. ఏం చెప్పకు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, వెంటనే చెల్లెకు చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వస్తే తెలిసి రా, లేకపోతే మానెయ్, నాకు జరిగినట్టు నీకు జరగొద్దు అన్నాను.

"నాకెరుకనే అక్కా" అంది చెల్లె.

"ఎవరు చెప్పిండ్రు? అవ్వనా?"

"ఇప్పటి ముచ్చట కాదే. నీ అప్పటిది. మనం బయలెల్లకముందే బాపు నాకు చెప్పిండు. నీకు చెప్తే అంత కాన్సల్ అయితదన్నడు. నాకు ఈతకు పోవాలనుండె."

అప్పుడు దానికి పద్నాలుగేళ్లు. పద్నాలుగేళ్ల పిల్లకు నీళ్లు కనిపిస్తే ఇంకేం కనిపిస్తాయి అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అయినా ఆ ఉయ్యాల దగ్గర అది నా కళ్లలోకి చూడకుండా దిగి పరుగెత్తిన తీరు గుర్తొచ్చి ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆ కారులో మేము నలుగురం ఉన్నాం. ఎక్కడికి పోతున్నామో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.