నవ్వితేనే కనపడే అమ్మ

ఆ వీధిలో పెళ్లయినా, పాపాయి పుట్టినా ఫొటోకి ఆ స్టూడియో ఫొటోగ్రాఫర్నే పిలిచేవారు. స్టూడియో వాళ్ల నాన్న పెట్టిందే. ఈమధ్య ఫొటోగ్రాఫరుకి సినిమా పిచ్చి పట్టుకుంది. సినిమా అంటే ఆటాపాటా కాదు, సొంత కుటుంబం మీద ఓ చిన్న చిత్రం. నాన్నది తెల్లటి తెలుపు. అమ్మ సముద్రం అవతలి జాతి మనిషి, నిగనిగలాడే నలుపు, ఉంగరాల జుట్టు. ఇద్దరికీ పుట్టిన తను ఎవరివాడు? అదీ ఆయన వెతుకులాట.

నాన్న వైపువాళ్లందర్నీ తీశాక ఆఖర్న అమ్మ వంతు వచ్చింది. అమ్మ సరిగ్గా పడకపోతే ఆ చిత్రమే వృథా.

స్టూడియో వెనక గదిలో బెంచీ మీద అమ్మనీ, మేనత్తనీ కూర్చోబెట్టాడు. మేనత్త నాన్నకి అక్క, మోకాళ్ల నొప్పుల మనిషి. అమ్మే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. తన శాలువా మడిచి ఆవిడ వీపు వెనక పెట్టింది. ఇలాంటివి ఎవరూ ఫొటో తియ్యరు, పైవాడు చూస్తాడంతే.

దీపాలు వేసి, వెలుతురు కొలిచే మీటరు మేనత్త చెంప దగ్గర పెట్టి చూసుకుని, కెమెరా నడిపించాడు.

"నాన్న పోయిన రోజు గురించి చెప్పమ్మా."

అమ్మ మొదలుపెట్టింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాల మీద మాత్రం పళ్లన్నీ కనపడేంత నవ్వు.

"నవ్వకమ్మా. నీకెలా ఉంటే అలా ఉండు."

"నవ్వకపోతే కనపడను కదరా!"

"అవేం మాటలమ్మా?"

"మీ నాన్న అనేవాడుగా. నలుగురిలో నించుంటే ఫొటోలో నేను మసిబొగ్గులా పడేదాన్ని. 'నవ్వవే, పళ్లైనా పడతాయి' అనేవాడు. అలవాటైపోయింది."

మేనత్త కిసుక్కుమంది. "నీ కొడుకు తక్కువ తిన్నాడా ఏమిటే? చిన్నప్పుడు స్టూడియోకి వచ్చినవాళ్లకల్లా గోడమీద ఫొటో చూపించి, 'ఇందులో మా అమ్మెక్కడుందో చెప్పుకోండి చూద్దాం' అనేవాడు!"

అమ్మ కూడా నవ్వింది. ఫొటోగ్రాఫరుకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆయనకీ గుర్తే. అప్పుడూ అమ్మ నవ్వేది, అందుకే అందులో తప్పేముందో ఎన్నడూ ఆలోచించలేదు. మా అమ్మది నవ్వుమొహం అని పదిమందికీ చెప్పుకునేవాడు పైగా!

చేతిలో మీటరు వంక చూసుకున్నాడు. గుంపులో తెల్లటి మొహం చూసి వెలుతురు కొలవడం నాన్న నేర్పిన పద్ధతి. అలా కొలిస్తే నల్లటి మొహం చీకట్లో కలిసిపోతుందని తెలియనివాడేం కాదు. మేమెవరం అని అడగడానికి తీస్తున్న ఈ చిత్రంలోనూ చెయ్యి దానంతటదే మేనత్త దగ్గరికే పోయింది.

ఈసారి మీటరు అమ్మ చెంపకి దగ్గరగా పెట్టాడు. ఆవిడ గబుక్కున కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెమట పట్టిందా, నాన్నా?"

"లేదమ్మా."

వెలుతురు ఎక్కువ పడేలా లెన్సు బాగా తెరిచి, కాసేపు తీసి, కెమెరా చిన్న తెరమీద ఇద్దరికీ చూపించాడు.

"అయ్యో, నన్ను సున్నం కొట్టిన గోడలా చేశావేంట్రా!" అంది మేనత్త.

"ఒక్క పూటకి ఓర్చుకో వదినా," అని అమ్మ తెర మీదకి వంగింది. నవ్వలేదు. చాలాసేపు చూసింది. "అచ్చం మా అమ్మే," అంది మెల్లగా. "ఆవిడది ఒక్క ఫొటో కూడా లేదు. మొహం మర్చిపోయాననుకున్నా."

నాన్న వైపు తాతగారు కూర్చున్న కుర్చీని కూడా నాలుగు వైపుల నుంచీ తీసినవాడు, అమ్మమ్మ గురించి ఒక్క ముక్క అడిగి ఎరగడు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు. ఇబ్బంది వచ్చినప్పుడల్లా కెమెరా వెనక దాక్కోవడం అలవాటే గానీ, ఇవాళ అదీ చాలలేదు.

"అమ్మమ్మ ఎలా ఉండేదమ్మా?" అన్నాడు, నేల చూస్తూ.

అమ్మ బెంచీ మీద కాస్త జరిగింది. "నించుని ఎంతసేపు అడుగుతావు? కాళ్లు లాగుతాయి. ఇలా వచ్చి కూర్చో."

వెళ్లి కూర్చున్నాడు. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కెమెరా నడుస్తూనే ఉంది. నవ్వని అమ్మ పక్కన, తల వంచుకున్న కొడుకూ అందులో పడ్డాడు.