గాలిగొట్టంలో సిగ్నల్‌మన్

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. కానీ ఆ రోజు గాలిగొట్టంలో నాకు జరిగిన పరాభవం పగవాడికి కూడా వద్దు. యాదగిరికి మాత్రం రెండుసార్లు జరగాలి.

యాదగిరి ఎవరంటారా? పటాన్‌చెరులో మా ఫ్యాబ్రికేషన్ షెడ్డులో క్రేన్ ఆపరేటర్. పైన క్యాబిన్‌లో కూర్చుంటాడు. కింద సిగ్నల్‌మన్‌ని నేను, మల్లేశాన్ని. నేను ఈల ఊది చెయ్యి తిప్పితే అతను టన్నుల ఇనుము లేపుతాడు, దించుతాడు. పదహారేళ్లుగా నా చెయ్యి చూడడం అతని పని, అతన్ని తిట్టడం నా పని.

నాలుగేళ్ల కిందట, ఏడాదంతా ప్రమాదం లేకుండా నడిపామని కంపెనీ మా ఇద్దరికీ బహుమతి ఇచ్చింది. ప్రెషర్ కుక్కర్ ఇస్తే ఏం పోయేదో! హైదరాబాద్ శివార్లలో గాలిగొట్టంలో ఎగరడానికి టికెట్లు ఇచ్చారు. నిలువెత్తు అద్దాల గొట్టం. కింద వల. దాని కింద నుంచి గాలి తన్నుకొస్తుంటే మనిషి బోర్లా తేలాలట.

క్యాంటీన్లో యాదగిరి అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "అన్నా, నాకు బుగులైతుంది. నేను రాను."

"పన్నెండేండ్ల సంది పైననే కూసుంటివి, నీకేం బుగులురా? నన్ను జూసి నేర్చుకో! ఒక్క నిమిషం సక్కగ తేలకపోతే నా ఈల నీకిస్త. నెల రోజులు నువ్వే సిగ్నలియ్యి!"

క్యాంటీనంతా విన్నది. ఆ ఈల మీకు ప్లాస్టిక్ ముక్కే కావచ్చు, నాకది సర్పంచ్ పదవి. దాన్ని పప్పన్నం ముందు పందెం కాసిన ఆనాటి మల్లేశం ఇప్పుడు కనబడితే చెంప పగలగొట్టేవాణ్ణి.

ఈల మీద ఆశతో యాదగిరీ బయల్దేరాడు. ఆదివారం ముత్తంగి దగ్గర రింగురోడ్డు ఎక్కి వెళ్లాం. ఫర్హీన్ అనే శిక్షకురాలు మమ్మల్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది.

"పొట్ట కిందికి నొక్కుర్రి భాయ్. గడ్డం పైకి. చేతులు వెడల్పు, మోచేతులు మడిచి. మోకాళ్లు జెర మడుచుర్రి. లోపల సప్పుడుకు మాట వినవడదు, నా వేళ్లు చూడుర్రి. రెండు వేళ్లు చాపితే కాళ్లు చాపాలె, వేళ్లు మడిస్తే కాళ్లు మడవాలె. చేతులు మాత్రం అస్సలు ఊపొద్దు."

"మేడం, నాకే సిగ్నల్లు నేర్పుతున్నరా? నేను సిగ్నల్‌మన్‌ని!"

"అచ్ఛా? ఫిర్ తో బహుత్ ఆసాన్ హై," అంది పాపం, అయితే నాకు చాలా సులువేనని నమ్మి.

బల్ల మీద నేను బ్రహ్మాండం. గట్టు మీద ఈత ఎవడికి రాదు చెప్పండి! ఓవరాల్, హెల్మెట్, కళ్లద్దాలు తగిలించుకుని గాలి మీదకి వాలాను. తేలాను! పది సెకన్లు రాజులా తేలాను.

అప్పుడే నా దిక్కుమాలిన కళ్లు పక్కనున్న అద్దాల గదిపై పడ్డాయి. లోపల ఒకాయన మీటల మీద చెయ్యేసి ఫ్యాను నడుపుతున్నాడు. ఆపరేటర్! ఆపరేటర్ కనబడితే నా చెయ్యి నా మాట వింటుందా? కుడిచెయ్యి దానంతటదే కిందికి దిగి, చూపుడువేలు గిరగిరా తిప్పింది. దించమని.

ఒక చెయ్యి దించితే గాలి ఊరుకుంటుందా? పక్కకు విసిరేసింది. పోయి అద్దానికి బల్లిలా అతుక్కున్నాను. ఫర్హీన్ నన్ను లాగి నా ముక్కు ముందు వేళ్లు ఆడించింది. నేను చూస్తేగా! నా కోపమంతా ఆ ఆపరేటర్ మీద. చెప్తే వినడేం? 'ఎత్తు' అని చెయ్యి లేపాను, వెల్లకిలా తిరిగాను. 'ఆపు' అని రెండు చేతులూ ఊపాను, పోయి వల మీద పడ్డాను. లేని ఈల ఊదబోతే బుగ్గల నిండా గాలి దూరింది, నా ఎంగిలి నా కళ్లద్దాల మీదే పడింది. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడంటారు. పడి కూడా ఆర్డర్లు వేసేవాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి.

బయటికి రాగానే మొదలుపెట్టాను, ఎగరలేక ఫ్యాను ఓడని.

"మీ ఆపరేటర్‌కు సిగ్నల్ తెల్వది మేడం!"

"భాయ్, ఆయన మీ దిక్కు చూడడు, నా దిక్కు చూస్తడు. మీరు కూడా నా దిక్కే చూడాలె. ఒక్కసారన్న చూసిన్రా?"

చూడలేదు.

తర్వాత యాదగిరి. తలుపు అంచు గట్టిగా పట్టుకుని, వదిలి, లోపలికి పోయాడు. ఫర్హీన్ వేళ్లు చూశాడు. చాపమంటే చాపాడు, మడవమంటే మడిచాడు. నిమిషం దాటింది, రెండో నిమిషమూ అయిపోయింది. నీళ్ల మీద తామరాకులా తేలుతూనే ఉన్నాడు దుర్మార్గుడు. నాకు ఏడుపొచ్చింది.

"ఎట్లరా?" అన్నాను బయటికి రాగానే.

"ఏమున్నదన్నా? గా మేడం ఏలు ఎట్లంటె గట్ల చేసిన. రోజు చేసేదే గద."

ఫర్హీన్ ముచ్చటపడింది. "ఎంత మంచిగ వింటున్రు! ఎవరు నేర్పిన్రు మీకు?"

"గీ మా మల్లేశన్ననే మేడం. పన్నెండేండ్లు తిట్టి తిట్టి నేర్పిండు."

సోమవారం క్యాబిన్‌లోకి ఇంకో షిఫ్టు ఆపరేటర్ ఎక్కాడు, షెడ్డంతా చూస్తుండగా నేను యాదగిరికి ఈల ఇచ్చాను. మహానుభావుడు దాన్ని సబ్బుతో మూడుసార్లు కడిగాడు. ఊదాడు. "అన్నా, జెర పసుపు గీత ఎనకకు జరుగు," అన్నాడు, క్రేన్ కింద పనిలేనివాళ్లకు రోజూ నేను చెప్పే మాటే.

జరిగాను.

అందుకని దసరాకి మా క్రేన్ కొక్కేనికి కట్టే నిమ్మకాయల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: నా కాళ్లు నేల మీద లేనప్పుడు ఇంకెవరికీ ఆర్డర్లు వెయ్యను.