నేను చూడలేదన్న పిన్నులు

ఒకే ఒక్క మాటను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. "లేదండీ" అన్న మాట. ఒక షాపులో, నలుగురి ముందు, మెల్లగా అన్నాను. అంత మెల్లగా అన్న మాట ఒక మనిషిని రోడ్డు మీదకు తోసేస్తుందని నాకప్పుడు తెలియదు అని రాయబోయి ఆగాను. తెలుసు. అనేటప్పుడే తెలుసు. ఇక్కడ కూడా అబద్ధంతో మొదలుపెడితే ఇంక రాయడం ఎందుకు?

నా పేరు మీకు అక్కర్లేదు. ఆమె పేరు మార్చాను. సువార్తక్క అని పిలుస్తాను. మిగిలిందంతా జరిగినట్టే చెబుతాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే నమ్మకండి.

మాది ఎస్. రాయవరం దగ్గర పల్లె. చెరకు, కొంచెం వరి. అన్నయ్యకు పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం దొరికాక, నన్ను డిగ్రీ చదివించడానికి తనతోపాటు అనకాపల్లి తీసుకొచ్చాడు. బెల్లం మార్కెట్ వెనక వీధిలో రెండు గదుల వాటా. అన్నయ్య షిఫ్టుకు పోతే ఇంట్లో నేనొక్కణ్ణే. నాకు అప్పట్లో ఒకటే ధ్యాస, గేమింగ్ కంప్యూటర్. కాలేజీలో కలిగినవాళ్ళ పిల్లల ఇళ్ళలో చూసి వచ్చేవాణ్ణి. వాళ్ళు ఆడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని నా వంతు ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. ఎక్కువసార్లు వచ్చేది కాదు.

అన్నయ్యతో మాత్రం వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. నిజమూ కాదు. అన్నయ్య బండి కొనుక్కుందామని దాచుకున్నది నా చేతిలో పెట్టాడు. కంపెనీ బస్సుంది కదా, బండెందుకులే అన్నాడు. ఉన్నదాంట్లోనే మొత్తం అయిపోవాలి. రెడీమేడ్‌గా కొంటే రాదు. ఒక్కొక్క పార్టూ కొని మేమే బిగించుకోవాలి.

మెయిన్ రోడ్డులో ఆ కంప్యూటర్ పార్టుల షాపు. కౌంటర్లో సువార్తక్క. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నేను వారాల తరబడి ఆ షాపుకు తిరిగాను. ఏమీ కొనకుండా ధరలు అడిగి వచ్చేసేవాణ్ణి. మిగతా షాపుల్లో విసుక్కునేవారు. ఆమె విసుక్కోలేదు. పార్టులన్నీ బిగించే అద్దాల క్యాబినెట్, దాని రంగురంగుల లైట్లు చూసి నేను ఆగిపోతే, "లైట్లతో ఆటాడతావేటి తమ్ముడూ? రేకు డబ్బా తీసుకో. మిగిలింది కార్డులో పెట్టు" అనేది. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు మా డబ్బు సరిపోదని తెలిసి, ఎవరో మార్చుకుని వదిలేసిన పాత కార్డును నా కోసం పక్కన పెట్టింది. షాపు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని బిగించి, చాలాసేపు నడిపి, వేడెక్కుతుందేమో చేత్తో చూసి మరీ ఇచ్చింది. అలా చెయ్యాల్సిన పని ఆమెకు లేదు.

మదర్‌బోర్డు మాత్రం కొత్తది. దాని మధ్యలో ప్రాసెసర్ కూర్చునే చోటుంటుంది, సాకెట్ అంటారు. అందులో వెంట్రుకల్లాంటి పిన్నులు వరసలు వరసలుగా ఉంటాయి. వాటికి దెబ్బ తగలకుండా పైన ప్లాస్టిక్ మూత. ఆ మూత తీసి, పిన్నులు బాగున్నాయని కొనేవాళ్ళకు చూపించి అమ్మడం ఆ షాపులో పద్ధతి. ఆమె చూపించింది. ఫోను లైటు వేసి, బోర్డును నా వైపు వంచి చూపించింది.

నేను చూశాను.

ఈ రెండు ముక్కలు రాయడానికే ఇంత దూరం వచ్చాను. నేను చూశాను. ఒక్క పిన్ను కూడా వంగలేదు. "నారుమడిలా ఉందక్కా" అన్నాను. ఆమె నవ్వి, "ఊరోడివి అనిపించేవు" అంది. మళ్ళీ మూత బిగిస్తూ, "వేలు తగిల్తే అయిపోద్ది. మీ అన్నయ్యని పక్కనెట్టుకుని తియ్యి" అని చెప్పింది.

అన్నయ్య కూడా అదే మాట. ఆదివారం సెలవు, ఇద్దరం కలిసి బిగిద్దాం, అప్పటిదాకా ముట్టుకోకు అన్నాడు. ఎలా బిగించాలో ఫోనులో వీడియోలు చూసి, బస్సులో తోటివాళ్ళకు కూడా చెప్పుకున్నాడట. అట్టపెట్టెలన్నీ మంచం కింద పెట్టాం. నేను ఆగలేకపోయాను. శుక్రవారం మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టి వచ్చి, తలుపు గడియ పెట్టి, పెట్టెలు విప్పాను. ఒక్కసారి ప్రాసెసర్ పెట్టి చూసి తీసేద్దాం అనుకున్నాను. ఎందుకు? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. ఆదివారం అన్నయ్య ముందు నాకంతా తెలిసినట్టు చెయ్యాలని. అంతే. ఇంతకంటే పెద్ద కారణం దొరికితే బాగుండునని వెతుక్కున్నాను కూడా. దొరకలేదు.

ప్రాసెసర్ మూల మీదున్న గుర్తు ఏ వైపు రావాలో అనుమానం వచ్చి, పెట్టినదాన్ని గోటితో పైకి లేపాను. జారింది. ఒక మూల సాకెట్‌లో పడింది. చప్పుడు కూడా రాలేదు. తీసి చూస్తే ఆ మూల పిన్నులు పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. గుండీలు కుట్టే సూది తెచ్చి ఒక్కోదాన్నీ నిలబెట్టబోయాను. ఒరిగినవి మెలిపడ్డాయి. బాగున్నవి రెండు ఒరిగాయి. ఇంక చాలనిపించి మూత పెట్టేశాను. పెట్టె ఎలా ఉందో అలాగే మడిచి మంచం కింద తోశాను.

ఆదివారం అన్నయ్య స్నానం చేసి, చేతులు మళ్ళీ తుడుచుకుని కింద కూర్చున్నాడు. నేను పెట్టెను మొదటిసారి విప్పుతున్నట్టు విప్పాను. మూత తియ్యగానే సాకెట్ మీద నా చెయ్యి అడ్డం పెట్టి, ప్రాసెసర్ నేనే పెట్టేశాను. కొన్ని ఒరిగినా పనిచేస్తుందేమోనన్న ఆశ. అన్నీ బిగించాం. అన్నయ్య స్విచ్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. అన్నయ్య నా భుజం మీద కొట్టాడు. టీవీలాగే వెంటనే బొమ్మ వస్తుందనుకుని స్క్రీను ముందుకు వంగాడు. స్క్రీను నల్లగానే ఉంది. ఆపి మళ్ళీ వేశాం. వైర్లు పీకి మళ్ళీ పెట్టాం. అన్నయ్య నవ్వు మెల్లగా పోయింది. చివరికి తనే ప్రాసెసర్ తీయించి, టార్చి వేసి చూశాడు.

"ఇదేట్రా, ఇయ్యి వంగిపోయున్నాయి?"

చెప్పాల్సింది అప్పుడు. గదిలో ఇద్దరమే ఉన్నాం. తిట్టేవాడు, ఒక దెబ్బ వేసేవాడు, సాయంత్రానికి ఇద్దరం కలిసి అన్నం తినేవాళ్ళం. నేను నోరు తెరిచేలోపే, "పాడైపోయిన బోర్డు మనకి అంటగట్టేరు. రేపెల్లి తేల్చుకుందాం" అన్నాడు. నా అబద్ధాన్ని నా బదులు అన్నయ్యే తయారుచేసి పెట్టాడు. నేను దాని వెనక నిలబడితే చాలు. నిలబడ్డాను.

సోమవారం అన్నయ్య సెలవు పెట్టాడు. షాపులో జనం ఉన్నారు. అన్నయ్య గొంతు మామూలుగానే పెద్దది, ఆ రోజు రోడ్డు మీదకు వినపడింది. మూత తన కళ్ళ ముందే తీశామని, తియ్యగానే అలా ఉందని ఒట్టేసి చెప్పాడు. పాపం, అన్నయ్యకు అది నిజమే. ఓనరు బోర్డు చూసి సువార్తక్కను పిలిచాడు. కెమెరా డబ్బు పెట్టె వైపే ఉందిట, కౌంటరు ఈ చివర అందులో పడదు. ఆయన నా వైపు తిరిగాడు.

"బాబూ, నువ్వు సెప్పు. ఈ అమ్మాయి నీకు మూత తీసి సూపించిందా, లేదా?"

"లేదండీ."

ఆమె కోప్పడలేదు. నాకు గుర్తు రావడం లేదేమో, గుర్తు చేస్తే సరిపోతుందని అనుకున్నట్టుంది. నవ్వబోయింది కూడా.

"సూపించేను కదా తమ్ముడూ. ఫోను లైటేసి సూపించేను. నారుమడిలా ఉందక్కా అన్నావు. మర్సిపోయేవా?"

అన్నయ్య నా వైపు చూశాడు. ఓనరు చూశాడు. ఆమె చూస్తోంది. నేను కౌంటరు అద్దం కింద ఉన్న మౌసుల వైపు చూశాను.

"నేనలా అనలేదండీ. ప్యాక్ చేసి ఇచ్చేశారు."

అప్పుడు ఆమె ముఖం మారింది. నాకు గుర్తు లేకపోవడం కాదని ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. ఆమె ఓనరు వైపు తిరిగింది. ఓనరు వేరే బోర్డు తీసి అన్నయ్య చేతికిచ్చి, దీని ఖరీదు నీ జీతంలో పట్టుకుంటానన్నాడు ఆమెతో. "పట్టుకోండి సార్. అబద్ధమాడేనని మాత్రం అనకండి" అంది. "ఇద్దర్లో ఎవరో ఒకరు ఆడాలి కదమ్మా" అన్నాడు ఆయన. ఆమె స్టూలు కింద నుంచి క్యారేజీ తీసుకుని, మా పక్క నుంచే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇంకా పన్నెండు కూడా కాలేదు. క్యారేజీ నిండుగానే ఉండుంటుంది.

ఆ సాయంత్రం కంప్యూటర్ ఆన్ అయింది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. నేను ఆడాను. ఇది దాచాలనిపిస్తోంది, కానీ చెబుతాను. ఆ రోజు నాకు సంతోషంగానే ఉంది. మనసు పాడైపోయి ఆడలేకపోయానని మీరు అనుకుంటే నాకు బాగుండేది. కానీ ఆడాను. బాగా ఆడాను. తర్వాత ఎడిటింగ్ కూడా దాని మీదే నేర్చుకున్నాను. ఇప్పుడు పెళ్ళి వీడియోలు చేసే స్టూడియోలో నేను తింటున్న తిండి దానిదే.

ఆ మాట పాకిపోయి, టౌన్లో ఇంకే కంప్యూటర్ షాపూ ఆమెను తీసుకోలేదు. కొన్ని నెలలకు అన్నయ్య చెప్పాడు, "ఆ షాపు పిల్ల మా కంపెనీలోనే సేరింది రా, ప్యాకింగులో. మా బస్సులోనే వత్తంది" అని. పక్కవాళ్ళకు కూడా చెప్పాడట, ఈ పిల్లతో జాగ్రత్త, నోరు తెరిస్తే అబద్ధమని. అన్నయ్య చెడ్డవాడు కాదు. తమ్ముణ్ణి మోసం చేసిన మనిషిని మర్చిపోలేదంతే. నేను కంచం వైపు చూస్తూ ఊఁ కొట్టాను. అలా ఎన్నిసార్లు ఊఁ కొట్టానో. షాపులో అన్నది ఒక్కసారే అని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ అన్నయ్య ఆ కథ చెప్పిన ప్రతిసారీ నేను మళ్ళీ అన్నట్టే కదా?

ఒకసారి ఆమె ఎదురుపడింది. స్టేషను రోడ్డులో, బస్సు కోసం నిలబడి ఉంది. తప్పించుకునే వీలు లేకపోయింది. "కంప్యూటరు బాగా పనిసేత్తందా?" అని అడిగింది. తమ్ముడూ అనలేదు. ఆ గొంతులో వెటకారం లేదు. నేను తలూపాను. ఆమె కూడా తలూపి బస్సు వచ్చే వైపు తిరిగింది.

అన్నయ్య ఇప్పుడు సూపర్‌వైజరు. పోయిన నెల డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ మామూలుగా చెప్పాడు. ప్యాకింగులో కొందరిని పర్మినెంటు చేస్తున్నారట. సువార్తక్క పేరూ వచ్చిందట. మేనేజరు అడిగితే, ఆమె మాట నమ్మకూడదని చెప్పి తీయించేశాడట. "మనకి తెలిసింది సెప్పాలి కదా" అన్నాడు.

ఇంక ఊఁ కొట్టలేకపోయాను. ఎందుకు ఆ రోజే? ధైర్యం వచ్చి కాదు. చేసినదాన్ని పాతదనుకుంటూ బతికాను. అది పాతది కాదని, ఇంకా నా చేత్తోనే జరుగుతోందని తెలిసిపోయింది. "అన్నయ్యా, ఆ పిన్నులు నేనే వంచేను. ఆవిడ నాకు సూపించింది" అన్నాను. చెంబు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను.

"ఇన్నేళ్ళూ ఆ పిల్లని నాసేత అనిపించేవేట్రా" అన్నాడు. తర్వాత చెంబు కింద పెట్టి, "ఆవిడికి సెప్పేవా?" అన్నాడు. లేదన్నాను. "మరి నాకెందుకు సెప్పేవు? ఎల్లు."

ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చే వేళకు వాళ్ళ వీధికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను. ముందుగా అనుకున్న మాటలేవీ రాలేదు. ఆమె చేతిలో బైబిలు సంచి అలాగే ఉంది. అంతా విని, "నాకు కొత్తగా ఏటి సెప్పేవు? ఇదంతా నాకు తెల్సిందే" అంది. "లోపలికి రా. మా అమ్మకి సెప్పు."

వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. అప్పట్లో ఓనరు ఆమెకు ఫోన్ చేసి, మీ అమ్మాయి చూపించకుండానే చూపించానని బొంకిందని చెప్పాడట. తల్లి ఓనరునే నమ్మింది. ఇన్నేళ్ళూ అలాగే నమ్మింది. అది నాకు ఆ ఇంట్లోకి వెళ్ళాకే తెలిసింది. ఆమె ముందు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. శుక్రవారం, సూది, షాపు. పిన్నులు చూశానని, చూడలేదన్నానని. ఆమె నన్ను తిట్టలేదు. నా వైపు అసలు చూడలేదు. కూతుర్నే చూస్తోంది. ఒళ్ళో కాయలు కింద పడుతున్నా పట్టించుకోలేదు.

"సరే. ఇంక నువ్వెల్లు" అంది సువార్తక్క.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అన్నయ్య మేనేజరుతో మాట్లాడాడు, ఏమవుతుందో తెలియదు. బస్సులో వాళ్ళకు కూడా చెప్పానన్నాడు. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడడం లేదు. నేను షాపుకు కూడా వెళ్ళి చెప్పాను. ఓనరు నన్ను గుర్తుపట్టలేదు. ఎప్పటి మాటో కదా బాబూ, ఇప్పుడెందుకు అన్నాడు. ఎందుకో నేను చెబుతుంటే కాసేపు విని, కొనడానికి వచ్చినవాళ్ళ వైపు తిరిగాడు.

దీంతో ఆమె పోగొట్టుకున్నది ఏదీ తిరిగి రాదు. నాకు తెలుసు. తేలికైపోయానని చెబితే సిగ్గులేనితనం అవుతుంది. కానీ ఆ రోజు వాళ్ళ గుమ్మం దిగి వీధి మలుపు దాకా నడిచాక, ఒక గోడ పట్టుకుని నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. అంత మాత్రం జరిగింది. అది కూడా దాచకూడదని రాస్తున్నాను.