మాట వచ్చినంత వేగం

రాజమండ్రి డాక్టరు గారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను వచ్చింది. ఎత్తింది మా ఆవిడ. కింద నుంచి కేకేస్తే నేను గాభరాగా దిగుతానని, మేడ మీద సరుకు సర్దుకుంటున్న నా దగ్గరికి తనే మెట్లెక్కి వచ్చి, ముందు నన్ను కూర్చోబెట్టి, ఆ తర్వాత చెప్పింది. ఆ మేడ గదిలో నేను ఉండగలిగానంటే అది ఆ డాక్టరు గారి దయే.

మాది నిడదవోలులో బట్టల కొట్టు. తొంభైల చివర్లో నాకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది గానీ, ఇంటికి తెచ్చాక నన్ను గాజుబొమ్మను చేసేశారు. మెట్లెక్కనివ్వరు, బట్టల మూట ఎత్తనివ్వరు. గల్లాపెట్టె దగ్గర మెత్త వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్ళకు లేచినా మా ఆవిడ పరుగెత్తుకొచ్చేది. సరుకంతా మేడ మీద, నేనేమో కింద. ఇక బతుకంతా ఇంతేనా అని ఒకరోజు బయటికే ఏడ్చేశాను.

అప్పుడే ఎవరో ఈ డాక్టరు గారి సంగతి చెప్పారు. గుండె జబ్బుల వాళ్ళనూ, ఊపిరితిత్తుల జబ్బుల వాళ్ళనూ నడిపించి పరీక్ష చేస్తారట. ఛాతీకి వైర్లు అంటించి, కదిలే బెల్టు మీద నడవమంటారు. ఉండుండి వేగం పెంచుతారు, బెల్టు ముందువైపు ఎత్తుతారు. పక్కన తెర మీద గుండె గీతలు కనబడుతూ ఉంటాయి.

ఖాళీ కడుపుతో నడిస్తే పడిపోతానని, రాజమండ్రిలో రైలు దిగగానే మా ఆవిడ నా చేత దగ్గరుండి పెసరట్టు ఉప్మా తినిపించింది. ఆ మాట విని డాక్టరు గారు పెద్దగా నవ్వారు.

"ఇప్పుడు నడిపిస్తే పరీక్ష పెసరట్టుకవుద్దండి, మీక్కాదు. కాసేపు అలా కూర్చోండి."

బెల్టు ఎక్కాక ఆయన నన్ను ఎలా ఉందని అడగలేదు. "అలా అడిగితే మన గోదారోళ్ళు చచ్చినా బాలేదనరండి. డాక్టరు నొచ్చుకుంటాడని నొప్పి మింగేస్తారు" అనేవారు. అందుకని కబుర్లలోకి దింపేవారు. రైతైతే పంట, నాకైతే చీరలు. కన్ను తెర మీద, చెవి మన మాట మీద. నేను ఉప్పాడ జరీ గురించి ఎత్తుకున్నాను. వేగం పెరిగేకొద్దీ మాట ముక్కలై, చివరికి ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట.

"ఆపేయండి బాబోయ్, మనిషి పోయేలా ఉన్నారు!" అంటూ మా ఆవిడ మెషీను మీదికి వచ్చేసింది.

ఆయన అప్పటికే వేగం తగ్గిస్తున్నారు. గీతలు ఇంకోసారి చూసుకుని, నన్ను దింపి, ఆవిడ వైపు తిరిగారు.

"ఆయన బానే ఉన్నారమ్మా. ఇప్పుడు మీరెక్కండి."

"నాకేం రోగమండీ?"

"రోగం కాదమ్మా, భయం. దానికి నా దగ్గర మాత్రల్లేవు."

మొహమాటపడుతూనే కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కింది. నేను జరీ కబుర్లు చెప్పిన వేగం దాకా కూడా ఆవిడ రాలేదు, మా ఊరి పాలవాడి గురించి ఎత్తుకున్న కబురు సగంలోనే ఆగిపోయింది. ఇక చాలండి బాబూ అని దిగి, కుర్చీలో కూలబడి రొప్పుతూ అడిగింది.

"ఈయన ఇంతకన్నా ఎక్కువ నడిచారాండి?"

"నడిచారమ్మా. పైగా నాకు చీర కూడా అమ్మబోయారు."

వచ్చేటప్పుడు మా ఇద్దరికీ ఒకటే చెప్పారు. "మాట వచ్చినంత వేగమే మీ వేగం. మాట ఆగితే మీరూ ఆగిపోండి." ఆ సాయంత్రమే మా ఆవిడ మేడ తాళం నా చేతిలో పెట్టింది. "మాట్లాడుతూ ఎక్కండి, నేను కింద వింటూ ఉంటాను" అంది. అప్పటి నుంచి నేను ఆ మెట్లు గట్టిగా మాట్లాడుకుంటూనే ఎక్కుతున్నాను. కొత్తగా బేరానికి వచ్చినవాళ్ళు నన్ను పిచ్చివాడనుకుని ఉంటారు. అనుకోనీ. నా కొట్టునూ, మా ఆవిడకు రాత్రి నిద్రనూ తిరిగి ఇచ్చిన మనిషికి నేను చీర ధరలు తప్ప ఏం చెప్పాను? ఆ బాధ ఇప్పుడు తెలుస్తోంది.

సంతాప సభ ఆయన ఆసుపత్రి పై అంతస్తులో పెట్టారు. లిఫ్టు ఖాళీగానే ఉంది. పాత పేషెంట్లందరూ మెట్ల మీదే ఉన్నారు. చావు చోట ఎవరైనా గొంతు తగ్గిస్తారు. అక్కడ మాత్రం ఒకాయన రొయ్యల చెరువు గురించి, ఒకావిడ మనవడి చదువు గురించి, కమ్మీ పట్టుకుని పైకే మాట్లాడుకుంటూ ఎక్కుతున్నారు.

నేనూ మొదలుపెట్టాను. మొదటి మలుపు దగ్గరే మాట ఆగిపోయింది. మా ఆవిడ చప్పున నా చెయ్యి పట్టుకుంది.

"ఏంటండీ, ఆయాసమా?"

కాదన్నట్టు తల ఊపాను. ఆవిడ నా మొహం చూసింది. పట్టుకున్న చెయ్యి వదలకుండా, మిగతా మెట్లన్నీ నా బదులు తనే మాట్లాడుతూ నన్ను పైకి తీసుకెళ్ళింది.