చిన్నమ్మ పొట్టేళ్ల పైసలు

ఇరవై ఏళ్లుగా దేవరకొండలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతున్నాను. సైన్యం ఖర్చు పెరిగితే ప్రభుత్వం పన్నులైనా పెంచాలి, వేరే ఖర్చులైనా తగ్గించాలి, లేదంటే అప్పు తేవాలి. ఈ మూడు ముక్కలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ తెలివంతా ఒకరోజు చిన్నమ్మ ముందు ఒలకబోశాను. నా నోరు ఊరుకోదు కదా.

చిన్నమ్మకు గొర్రెల మంద ఉంది. పొట్టేళ్లు అమ్మిన డబ్బంతా ఇల్లు కట్టాలని పోస్టాఫీసులో దాచుకుంది. ఇల్లు ఎవరికంటే కొడుకుకు. వాడు, మా తమ్ముడు, సరిహద్దులో సిపాయి. ఆ వారం అక్కడ కాల్పులు మొదలయ్యాయి. రెండు రోజులుగా వాడి ఫోను కలవడం లేదు.

టీవీలో కొత్త ఫిరంగులు చూపిస్తుంటే చిన్నమ్మ అడిగింది. "గివి కొననీకి సర్కారుకు గన్ని పైసలు ఏడికెల్లి వస్తయి బిడ్డా?"

"మన కాడికెల్లే. సబ్బు కొన్నా, డీజిల్ పోయించినా పన్ను కడ్తం. సాలకుంటే అప్పు తెస్తది. పోస్టాఫీసుల నువ్వు దాసినయి గుడ సర్కారు వాడుకుంటది."

తన డబ్బు ఇన్నాళ్లూ అక్కడే ఇనుప పెట్టెలో భద్రంగా ఉందనుకుంది పాపం.

"అంటే నా పైసలతోని లడాయి చేస్తున్నరా? నా కొడుకు నిలవడ్డ కాడ?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఏ పిల్లవాడూ వేయలేదు, నాకూ తట్టలేదు. "పైసలు యాడికి పోవు చిన్నమ్మా, అడిగినప్పుడు ఇస్తరు" అన్నాను.

"నేను పైసల ముచ్చట అడిగిన్నా?" అంది.

మర్నాడు పొద్దున్నే పాసుబుక్కు కొంగున కట్టుకుని, పోస్టాఫీసు తలుపు తీయకముందే వెళ్లి నిలబడింది. సాక్షి సంతకానికి నన్నూ లాక్కెళ్లింది. మొత్తం తీసేస్తానంది. నేనే ఫారం నింపాను. పోస్టుమాస్టర్ సిరా డబ్బా ముందుకు జరిపాడు. చిన్నమ్మ బొటనవేలు అద్దింది కానీ కాగితం మీద పెట్టలేదు.

"నేను గివి తీసుకుంటే, వానికి ఇనుప టోపి తక్కువ పడ్తదా బిడ్డా?"

పడదని చెప్పాలి. లెక్క ప్రకారం అదే నిజం. కానీ నేను ఫారంలో నింపిన అంకెలనే మళ్లీ సరిచూశాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత బొటనవేలు చీరకు తుడుచుకుని, పాసుబుక్కు మళ్లీ కొంగున ముడివేసింది.

"ఉండనీ. వానికి ఫోను జర మల్ల కలుపు."